పేరు చెప్పకూడని పుస్తకం

పోయింది ఒక పుస్తకం.

దాని పేరు చెప్పరు. రంగు చెప్పరు. ఎంత లావుందో కూడా చెప్పరు. అయినా వెతికి పట్టుకోవాలి. సాయంత్రం నాలుగు గంటల లోపల.

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు ఇన్‌స్పెక్టర్ గోదా సైనిక శిక్షణ కళాశాల లైబ్రరీ గుమ్మం ముందు నిలబడి ఉంది. లోపలికి పోవాలంటే పాస్ కావాలి. పాస్ మీద సంతకం పెట్టే ఆఫీసర్ పరేడ్‌లో ఉన్నాడు. పరేడ్ ఎప్పుడు అయిపోతుందో చెప్పడానికి కూడా ఆయనే రావాలి.

ఎండ ముదురుతోంది. సెంట్రీ తన వెనక నీడలో ఉన్న స్టూలును ఆమె వైపు జరిపాడు. ఉదయం నుంచీ ఆమెకు ఇక్కడ జరిగిన మంచి అదొక్కటే.

గుమ్మానికి రెండు వైపులా రెండు ఇత్తడి గొట్టాలు. పాత ఫిరంగి గుండ్ల తొడుగులు. మోకాలెత్తున ఉన్నాయి. ముఖం కనిపించేటట్టు తోమారు. రెండింటిలోనూ నెమలి ఈకలు నిలబెట్టారు. ఎడమ గొట్టంలో ఈకలు నిద్రపోతున్నవాడి తలలా ఒక పక్కకు వాలి ఉన్నాయి. కుడి గొట్టంలోవి నిటారుగా ఉన్నాయి.

గోదా ఊరికే కూర్చోలేక ఎడమవైపు ఈకల్ని సరిచేసింది. మళ్లీ వాలాయి. మళ్లీ సరిచేసింది. మళ్లీ వాలాయి.

"ఇవి కూడా నా మాట ఇనయి," అని గొణుక్కుంది.

పదిన్నరకు కెప్టెన్ వివేక్ వచ్చాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. పాఠాలు చెప్పడం అతని అసలు పని. లైబ్రరీ అదనపు డ్యూటీ. రెండేళ్లకో ఆఫీసర్ వస్తాడు, పోతాడు. లైబ్రరీ అసిస్టెంట్ వహీదా మాత్రం ఎవరొచ్చినా అక్కడే ఉంది. ఇప్పుడు ఆమె సస్పెన్షన్‌లో ఉంది. దొంగతనం నింద ఆమె మీదే.

"పుస్తకం పేరు?" గోదా అడిగింది.

"సారీ మేడం. రిస్ట్రిక్టెడ్."

"రంగు?"

"చెప్పలేను."

"పెద్దదా, చిన్నదా?"

కెప్టెన్ కాసేపు ఆలోచించాడు. "అది కూడా వర్ణన కిందికే వస్తుంది."

"మరి దొరికితే గదే అని నాకెట్ల తెలుస్తది?"

"మాకు తెలుస్తుంది."

"మా గౌలిపురాల బర్రె తప్పిపోతే కొమ్ములు ఎట్లున్నయో చెప్తరు సార్. మీరు గది గూడ చెప్పకపాయె."

కెప్టెన్ నవ్వలేదు. లోపలికి దారి చూపించాడు.

గుర్రాల వైద్యం పుస్తకాలతో ఒక బారక్‌లో మొదలైన లైబ్రరీ అది. ఇప్పుడు డ్రోన్ల దాకా వచ్చింది. చెక్క సొరుగుల్లోని కార్డులు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ఈ మధ్య ప్రతి పుస్తకంలోనూ ఒక ట్యాగ్ అతికించారు. నమోదు చేయకుండా పుస్తకం గుమ్మం దాటితే గేటు అరుస్తుంది. ఆ గేటును మొన్న శనివారం ఒక జనరల్ వచ్చి ప్రారంభించాడు. అదే సాయంత్రం పుస్తకం లేదని తెలిసింది.

"గేటు అరిచిందా?"

"లేదు."

"చేతి స్కానర్ ఉంటదంట గదా?"

"రెండుసార్లు హాలంతా, గుమ్మం బయట దాకా తిరిగాం. ఎక్కడా పలకలేదు. అంటే పుస్తకం బయటికి పోయింది."

"అరవకుంట ఎట్ల పోతది?"

"లోహం మేడం. ట్యాగ్‌కు చుట్టూ లోహం ఉంటే సిగ్నల్ రాదు. అల్యూమినియం ఫాయిల్ చుట్టినా చాలు." కెప్టెన్ గొంతు తగ్గించాడు. "ఆ సాయంత్రం వహీదా బ్యాగులో ఫాయిల్ దొరికింది."

"రొట్టెలు చుట్టుకున్నదేమో?"

"అలాగే చెప్పింది. ఇంకొకటి కూడా దొరికింది. ఒక డబ్బాలో తెల్లటి జిగట పదార్థం. నీలం రంగు కలిసి ఉంది. ఏదో కెమికల్. ల్యాబ్‌కు పంపాం."

"పుస్తకం పోయిందని మీకు చెప్పిందెవరు?"

"ఆవిడే."

"దొంగే వచ్చి చెప్పిందా?"

"తన మీదికి రాకుండా ముందే చెప్పి ఉంటుంది."

హాలు చివర ఇనుప జాలీ గది ఉంది. దానికి పెద్ద తాళం. రిస్ట్రిక్టెడ్ పుస్తకాలన్నీ అందులోనే, నడుమెత్తు ర్యాక్ మీద ఒకే వరుసలో నిలబెట్టి ఉంటాయి. పోలీసుల కంట పేర్లు పడకూడదని ఆ వరుస మీద తెల్ల దుప్పటి కప్పేశారు. దుప్పటి కుడివైపు ఎత్తుగా మొదలై, ఎడమవైపుకు మెట్టు మెట్టుగా, నున్నగా దిగింది.

గోదా జాలీ పట్టుకుని ఆ దుప్పటిని చాలాసేపు చూసింది.

"పుస్తకం పోయినంక ఈ వరుసను ఎవరన్న ముట్టిన్రా?"

"లేదు. సీల్ చేశాం. దుప్పటి కప్పింది నేనే."

"ఈ గదిలకు ఎవరెవరు పోతరు?"

"వహీదా, నేను. ఒక తాళంచెవి ఆమె దగ్గర, ఒకటి నా సేఫ్‌లో."

"ఇంకెవ్వరు పోలేదు?"

"పోకూడదు."

అడిగింది ఒకటి, చెప్పింది ఇంకొకటి. గోదా దాన్ని మనసులో పెట్టుకుంది.

"నాలుగింటికి ఫైల్ కేంద్ర సంస్థకు వెళ్తుంది మేడం. ఆ తర్వాత మా చేతుల్లో ఏమీ ఉండదు. దొంగతనం కాదు, గూఢచర్యం అవుతుంది."

* * *

యాకుత్‌పురా స్టేషన్ వెనక సందులో జీపు పట్టదు. గోదా నడిచి వెళ్లింది. ఆమెను చూసి రెండు కిటికీలు మూసుకున్నాయి.

వహీదాకు యాభై దాటాయి. కళ్లజోడు తుడిచి తుడిచి పెట్టుకుంటోంది. కూతురు ఉమ్మే హానీ టీ తెచ్చి పెట్టి వంటగది గుమ్మంలోనే నిలబడింది.

"నిన్న కాలేజీ జీపు సందు మొగదలల ఆపి నలుగురు వచ్చిన్రు మేడం. బియ్యం డబ్బా బోర్లిచ్చిన్రు. పక్కింటి వామన్‌రావు సార్ భార్య గోడ మీదికెళ్లి రోజు కొత్తిమీర అడుగుతది. ఇరవై ఏండ్ల సంది అడుగుతది. నిన్నటి సంది కిటికీ తెరుస్తలేదు."

"ఆపా, టైం లేదు. ఆ పుస్తకం ఏ రంగు?"

వహీదా తల వంచుకుంది. "చెప్పొద్దు మేడం. నౌకరీల చేరిన్నాడు సంతకం పెట్టిన."

"నిన్ను దొంగ అంటున్నరు. రేపు ఇంకేమో అంటరు. నాకన్న చెప్పు."

"అననీండ్రి. సంతకం సంతకమే."

"అమ్మీ! చెప్పెయ్ నా!" అంది ఉమ్మే హానీ.

"నువ్వు ఊకో బేటా."

గోదా టీ గ్లాసు కింద పెట్టింది. కోపం వచ్చింది. అక్కడ వాళ్లు చెప్పరు, ఇక్కడ ఈమె చెప్పదు. ఊళ్లో అందరూ కలిసి తన కళ్లకు గంతలు కట్టినట్టుంది. ఆ కోపం సగంలోనే ఆగిపోయింది. తనను కాపాడుకోవడానికి కూడా పుస్తకం రంగు చెప్పని మనిషి, ఆ పుస్తకాన్ని అమ్ముకుంటుందా?

"సరే. పుస్తకం సంగతి వద్దు. నీ డబ్బల ఉన్నదేంది? తెల్లటిది?"

"లేయీ మేడం. మైదా ఉడకబెట్టిన జిగురు. పురుగు పట్టకుంట కొంచెం నీలా తోతా ఏస్త. మీరు మైలుతుత్తం అంటరు."

"దేనికి?"

వహీదా పెదవులు కదిలి ఆగిపోయాయి.

"పనికి," అంది.

"శనివారం పొద్దుగాల ఆ గది పుస్తకాలన్ని ఉన్నయా?"

"ఎనిమిదింటికి లెక్క చూసిన. ఉన్నయ్. జనరల్ సాబ్ పోయినంక సాయంత్రం చూసిన. ఒకటి తక్కువ."

"మధ్యల గదిలకు ఎవరు పోయిన్రు?"

"గది మీరు కెప్టెన్ సాబ్‌నే అడగాలె మేడం."

సందు దాటేదాకా ఉమ్మే హానీ గోదా వెంట వచ్చింది. కొసకు వచ్చాక ఒక్క మాట అంది. "మేడం, మా అమ్మీ నౌకరీ పోనీ. ఈ గల్లీల తల ఎత్తుకోని తిరిగితే చాలు."

* * *

మొఘల్‌పురాలో తాహిర్ బైండింగ్ దుకాణం. జిగురు సంగతి తెలుసుకోవాలని, కాలేజీ పుస్తకాలకు అట్టలు వేసేది ఎవరో కనుక్కుని గోదా అక్కడికి వచ్చింది. లోపల కాగితం వాసన, జిగురు వాసన. అదే నీలం రంగు కలిపిన తెల్ల జిగురు, పెద్ద గిన్నెలో ఉంది.

గోదా ఆ గిన్నె వైపు చూసి నిట్టూర్చింది. ల్యాబ్‌కు పంపిన కెమికల్ ఇక్కడ కిలోల లెక్కన ఉడుకుతోంది.

"తాహిర్ భాయ్, కాలేజీ పుస్తకాలు నీ దగ్గరికే వస్తయంట?"

"మా వాలిద్ కాలం సంది మేడం. చినిగినయన్ని మూట కట్టి పంపుతరు. ఈసారి మూటే రాలే. శుక్రవారం కట్టి పెట్టినమని వహీదా బాజీ ఫోన్ జేసింది. శనివారం ఆటో పంపిన. మూట లేదన్నరట. ఖాలీ ఆటో వాపస్ వచ్చింది. కిరాయి నా నెత్తి మీద!"

"తాళం గది పుస్తకాలు నీ దగ్గరికి వస్తయా?"

తాహిర్ చెవులు పట్టుకున్నాడు. "తౌబా! గవి గుమ్మం దాటవు. గవి చినిగితే బాజీ ఆడనే కూర్చోని అతికిస్తది. లేయీ చెయ్యనీకి నా దగ్గరనే నేర్చుకున్నది. ఇప్పుడు నా దానికే పేర్లు పెడ్తది, గడ్డలు కట్టిందని!"

గోదా గిన్నెలోకి మళ్లీ చూసింది.

ఎవరూ చెప్పని సంగతి ఆ జిగురు చెప్పింది. వహీదా శనివారం లేయీ పట్టుకుని పనికి వెళ్లింది. చినిగిన మామూలు పుస్తకాలు అప్పటికే మూటలో ఉన్నాయి. అయితే ఆ లేయీ తాళం గదిలోని పుస్తకం కోసమే. దేనికని అడిగితే వహీదా మాట దాటేసింది. అంటే పోయింది ఆ చినిగిన పుస్తకమే.

చినిగిన పుస్తకం పోయింది. చినిగిన పుస్తకాల మూట కూడా పోయింది. రెండూ జనరల్ వచ్చే వేళకే.

గోదా వాచీ చూసుకుంది. రెండూ పది.

"మేడం, చాయ్?"

"రేపు తాగుత భాయ్. గడ్డలు లేకుంట."

* * *

మూడు గంటలకు లైబ్రరీ హాలులో నలుగురు ఉన్నారు. గోదా, కెప్టెన్ వివేక్, గోదా వెంటబెట్టుకుని వచ్చిన వహీదా. నాలుగో మనిషి హవల్దార్ మైసయ్య. మెదక్ వైపు మనిషి. మీసం, ఇస్త్రీ మడత, రెండూ కత్తిలా ఉన్నాయి. శనివారం జనరల్ రాకకు లైబ్రరీని తయారు చేసింది అతనే.

"హవల్దార్ సాబ్, ఒక ముచ్చట చెప్పుండ్రి. జనరల్ వచ్చే రోజు మీ పల్టన్ల ఒకడు కాలు బెణికి కుంటుతుండు. వాన్ని ఏం జేస్తరు?"

మైసయ్యకు ప్రశ్న నచ్చింది. "ముంగట నిలబెడ్తమా మేడం? ఇజ్జత్ పోదా? కుక్‌హౌజ్‌కు పంపుత. ఉల్లిగడ్డలు కోస్తడు. లైట్ డ్యూటీ."

"చినిగిన పుస్తకాల మూటను ఏం జేసిన్రు?"

"గదీ కుక్‌హౌజ్‌లనే ఉన్నది. ఉల్లిగడ్డల బస్తల ఎనక."

"యా అల్లా! ఉల్లిగడ్డల కాడనా!" వహీదా నోటి మీద చెయ్యి వేసుకుంది. రెండు రోజుల్లో ఆమె గొంతు పెరగడం అదే మొదటిసారి.

కెప్టెన్ అప్పటికే తలుపు వైపు కదిలాడు.

"ఆగుండ్రి సార్. మీ పుస్తకం గా మూటల లేదు. మూట శుక్రవారమే కట్టేసిన్రు. పుస్తకం శనివారం పొద్దుగాల దాకా గదిల ఉన్నది." గోదా జాలీ గది దగ్గరికి నడిచింది. "సార్, శనివారం ఈ గదిలకు మైసయ్యను ఎందుకు పంపిన్రు?"

"నేను పంపానని ఎవరు చెప్పారు?"

"మీరు కప్పిన దుప్పటి."

గోదా జాలీలోంచి ఆ వరుస వైపు వేలు చూపించింది.

"పేర్లు నాకు కనబడొద్దని కప్పిన్రు. మంచిదే. పేర్లు కనబడలేదు, ఎత్తులు కనబడ్డయి. కుడి దిక్కు పొడుగు, ఎడమ దిక్కు పొట్టి. మధ్యల ఒక్క గుంట లేదు. లైబ్రరీల పనిచేసేటోళ్లు పుస్తకాలను నంబరు చూసి పెడ్తరు. పొట్టిది, పొడుగుది కలిసే ఉంటయి. వహీదా ఆపా చేతుల ఈ వరుస గిట్ల ఉండదు. గిట్ల ఎత్తు చూసి నిలబెట్టేటోళ్లు ఎవరు, హవల్దార్ సాబ్?"

"లంబా దాహినే, ఛోటా బాయే," మైసయ్య అలవాటుగా అనేశాడు. "పొడుగోడు కుడికి, పొట్టోడు ఎడమకు. డ్రిల్లుల మొదటి పాఠం గదే మేడం." అని కెప్టెన్ ముఖం చూసి అటెన్షన్‌లోకి వచ్చాడు.

గోదా వహీదా వైపు తిరిగింది. "నువ్వు శనివారం సాయంత్రం ఈ వరుస చూసినవు గదా?"

వహీదా కెప్టెన్ వైపు చూడకుండా చెప్పింది. "చూసిన. సాబ్‌కు చెప్పిన. ఎవరికీ చెప్పొద్దన్నరు."

కెప్టెన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"క్లియరెన్స్ లేని మనిషిని ఆ గదిలోకి పంపకూడదు. పంపితే నా మీద చర్య ఉంటుంది. జనరల్ వచ్చే టైం. వరుస ఎగుడుదిగుడుగా కనిపించింది. పది నిమిషాలే. నేను ఇక్కడే నిలబడ్డాను. మధ్యలో ఫోన్ వచ్చి బయటికి పోయాను. తర్వాత ఆయన్ని పిలిచి అడిగాను. కాలేజీ బయటికి ఏమీ తీసుకుపోలేదన్నాడు. అందుకే..."

"అందుకే ఆపా ఇంట్ల బియ్యం డబ్బా బోర్లిచ్చిన్రు."



గోదాకు అరవాలనిపించింది. మధ్యాహ్నమంతా యాకుత్‌పురా, మొఘల్‌పురా తిరిగింది. జవాబు మాత్రం ఈ మీసాల మనిషి దగ్గర, ఈ బారక్‌లోనే ఉంది. పుస్తకం ఎలాంటిదో చెప్పకూడదు కాబట్టి ఇతన్ని ఎవరూ సరైన ప్రశ్న అడగలేదు.

"హవల్దార్ సాబ్, అసలు ఏం పోయిందని మీకు చెప్పిన్రు?"

"ఒక ఐటం పోయిందన్నరు మేడం. మెస్‌ల అయితే హార్డ్ డిస్క్ అన్నరు."

"గా గదిల చినిగిన పుస్తకం ఒకటి ఉండెనా?"

మైసయ్య ముఖంలో రంగు మారింది. "పుస్తకమా? పోయింది పుస్తకమా? అట్ట లేకుంట, బక్కగ, ఒకటుండె. ఎంత నిలబెట్టినా మీద పడుతుండె. పరేడ్ ఖరాబ్ చేస్తదని తీసిన. మేడం, గది నేను—"

"చెప్పకుండ్రి," గోదా చెయ్యి ఎత్తింది. "ఈ ఒక్కటన్న నన్ను చెప్పనియ్యుండ్రి. పొద్దటి సంది అందరి తోని లేదు, కాదు అనిపించుకున్న."

ఆమె గుమ్మం దగ్గరికి నడిచింది. ముగ్గురూ వెనకే వచ్చారు.

"రెండు గొట్టాలు ఒక్క తీరుగనే ఉన్నయి. ఈకలు ఒక్క తీరుగనే ఉన్నయి. ఎడమయి వాలుతున్నయి. కుడియి అటెన్షన్‌ల ఉన్నయి. ఎందుకు? కుడి గొట్టంల ఈకలను ఏదో పట్టుకోని ఉన్నది. జనరల్ వచ్చేదాక గేటు మొదలుగాలె, అందుకే అరవలేదు. స్కానర్ రెండుసార్లు తిరిగింది, పలకలేదు. ఏ లోహమున్నా పలకదని మీరే చెప్తిరి సార్. మీరు ఫాయిల్ దాకా పోయి ఆగిన్రు. ఇత్తడి కండ్ల ముంగటనే ఉండె."

మైసయ్య కుడి గొట్టం వైపు చూశాడు. "అట్ట గూడ లేని కాయితాలు. చెత్తల పారేద్దమనుకున్న. పారేయబుద్ధి కాలే మేడం. పుస్తకం గదా. చుట్ట చుట్టి గీ గొట్టంల పెట్టిన. నిలబడలేకపోతే పాయె, ఈకలు పట్టుకోమన్న. లైట్ డ్యూటీ. జనరల్ సాబ్ పోయినంక తీసి బాజీకి ఇద్దమనుకున్న. ఆ లొల్లిల మర్సిపోయిన."

అతను చెత్తలో వేసి ఉంటే అది శనివారమే బూడిద అయ్యేది. గోదా కోపం కొంచెం తగ్గింది. కుడి గొట్టం వైపు చెయ్యి చాపింది.

"మేడం," కెప్టెన్ ఇబ్బందిగా అడ్డం వచ్చాడు. "ఒక్క నిమిషం. మీకు క్లియరెన్స్ లేదు. దయచేసి అటు తిరుగుతారా?"

గోదా అతని ముఖంలోకి చూసింది. అతను నిజంగానే అడుగుతున్నాడు.

తిరిగింది. గోడకు ముఖం పెట్టి నిలబడింది. పక్కనే మైసయ్య కూడా గోడ వైపు తిరిగి అటెన్షన్‌లో నిలబడ్డాడు. వెనక ఈకలు నేల మీద పడిన చప్పుడు. కాగితాలు విప్పుతున్న గరగర. తర్వాత వహీదా ఊపిరి, రెండు రోజులుగా బిగబట్టినట్టు, పొడుగ్గా వదిలింది.

"గిదే," అంది వహీదా. "పేజీలన్ని ఉన్నయి."

దాని రంగు ఏమిటో గోదాకు ఇప్పటికీ తెలియదు.

మూడూ నలభై అయింది.

* * *

"ఫైల్ ఆపించాను," కెప్టెన్ ఫోన్ పెట్టేసి చెప్పాడు. "మేడం, మీ రిపోర్టులో నా పేరు..."

"రాస్త సార్."

"రాయండి. నేనూ కమాండెంట్‌కు రాసి ఇస్తాను." అతను టోపీ పెట్టుకున్నాడు. "ఇంకేమైనా?"

"ఒక్కటున్నది. నిన్న ఏ జీపు పోయిందో గదే జీపు. ఆపను యాకుత్‌పురాల ఇంటి దాక దింపాలె. డ్రైవర్ని పంపుడు కాదు. మీరు పోవాలె. యూనిఫామ్ మీద."

జీపు సందు మొగదల ఆగింది. కెప్టెన్ దిగి వహీదా వైపు తలుపు తీశాడు. మిగతా దూరం నడక. ముందు వహీదా, వెనక ఆమె బ్యాగు పట్టుకుని కెప్టెన్, ఆ వెనక గోదా. గడపల మీద జనం లేచి నిలబడ్డారు. ఉమ్మే హానీ పరుగెత్తుకుంటూ వచ్చి తల్లిని పట్టుకుంది.

"రేపు పొద్దున తొమ్మిదికి రాగలరా?" కెప్టెన్ అడిగాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. "ఆ పుస్తకం... అది అలాగే చినిగి ఉంది."

"వస్త సాబ్. కాని లేయీ లేదు. మీరు ల్యాబ్‌కు పంపిన్రు. మైదా గూడ లేదు. నిన్న మీవోళ్లు డబ్బ బోర్లిస్తే నేల పాలయింది."

కెప్టెన్ సందు అటూ ఇటూ చూశాడు. మూల మీద కిరాణా కొట్టు ఉంది.

"ఎంత కావాలి?"

"పావుకిలో చాలు."

అతను టోపీ సరిచేసుకుని కొట్టు వైపు నడిచాడు. కొట్టు ముందు ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. పక్కకు జరగబోతే వద్దని చెప్పి, వాళ్ల వెనక నిలబడ్డాడు. సందంతా చూస్తోంది.

వహీదా ఇంటి పక్కన కిటికీ గడియ తీసిన చప్పుడైంది. రెక్క కొంచెం తెరుచుకుంది. గాజుల చెయ్యి ఒకటి గోడ మీదికి వచ్చి ఆగింది.

"వహీదా," అంది లోపలి గొంతు, మెల్లగా. "కొత్తిమీర ఉన్నదా?"